బోట్ మెయిల్‌లో తల లేని మొండెం.. 1952లో మద్రాసును వణికించిన ఆళవందార్ ఎవరు?

నెల్లూరు: 1952 ఆగస్టు 29. మద్రాసు ఎగ్మోర్‌లో బయల్దేరిన బోట్ మెయిల్ రైలు మానామదురై చేరింది. మూడో తరగతి పెట్టెలో ప్రయాణికులు ముక్కు మూసుకుని కూర్చున్నారు. సీటు కింద ఒక ట్రంకు పెట్టె ఉంది. దాని సొంతదారు ఎవరో తెలియదు. అందులోంచి భరించలేని వాసన వస్తోంది. రైల్వే పోలీసులు వచ్చి దాన్ని కిందికి దించారు. మూత తెరిచారు. లోపల ఉన్నది తల లేని ఒక మగమనిషి శవం.

పేరు లేదు, ముఖం లేదు. అయినా కొద్ది రోజుల్లోనే ఆ మనిషి పేరు మద్రాసు రాష్ట్రమంతా మారుమోగిపోయింది. ఆళవందార్. బతికున్నప్పుడు అతడు సినిమా స్టార్ కాదు, రాజకీయ నాయకుడూ కాదు. పెన్నుల షాపు ముందు ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకునే చిరువ్యాపారి. చనిపోయాక మాత్రం దక్షిణాదిలో అందరికీ తెలిసిన పేర్లలో అతడిదీ ఒకటైంది.

ఇంతకీ ఎవరీ ఆళవందార్? అతడి జీవితం ఆ ట్రంకు పెట్టె వరకు ఎలా వెళ్లింది? కోర్టులో చివరికి ఎవరి మీద విచారణ జరిగింది? చంపినవాళ్ల మీదా, చనిపోయినవాడి మీదా?

మద్రాసు కేసుతో నెల్లూరుకేం పని?

ఇది మన పక్క రాష్ట్రం కథ అని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, 1952లో నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. తడ, సూళ్లూరుపేట, గూడూరు దాటుకుంటూ వెళ్లే రైలు నేరుగా మద్రాసు సెంట్రల్‌కే చేరేది. తీరం పొడవునా బకింగ్‌హాం కాలువలో పడవలు తిరిగేవి. పెళ్లి బట్టలకైనా, పెద్దాసుపత్రికైనా, పెద్ద కోర్టుకైనా నెల్లూరు తీరం వాళ్లకు మద్రాసే దిక్కు.

ఈ కేసు నడిచిన కాలం కూడా తెలుగువాళ్లు మర్చిపోలేనిది. ఆళవందార్ హత్య జరిగిన రెండు నెలల లోపే, 1952 అక్టోబరు 19న, అదే మద్రాసులో పొట్టి శ్రీరాములు ఆమరణ దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. మద్రాసు హైకోర్టులో ఈ కేసు తీర్పు వచ్చింది 1953 ఆగస్టులో. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంటే ఈ తీర్పు వచ్చేనాటికి మద్రాసు హైకోర్టే నెల్లూరుకూ హైకోర్టు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954 జులైలోనే.

సైన్యం నుంచి చైనా బజార్‌కి

ఆళవందార్ మద్రాసు శివార్లలోని అవడికి చెందినవాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశాడు. అప్పుడు సైన్యం రికార్డుల్లో వేసిన వేలిముద్రలే తర్వాత ఈ కేసులో కీలకమయ్యాయి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

యుద్ధం ముగిసింది. సైన్యంలో పనిచేసిన వేలమంది బతుకుదెరువు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆళవందార్ వ్యాపారం ఎంచుకున్నాడు. మద్రాసు ప్యారీస్ కార్నర్ దగ్గర, చైనా బజార్‌లో జెమ్ అండ్ కంపెనీ అని పేరున్న ఫౌంటెన్ పెన్నుల షాపు ఉండేది. ఆ షాపు ముందు భాగంలో కొంచెం చోటు సంపాదించి ప్లాస్టిక్ సామాన్లు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పట్లో ప్లాస్టిక్ అంటే కొత్త వింత. ఇప్పుడు కొత్త ఫోన్ చూసినట్టు చూసేవాళ్లు. పెన్ను కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ సామాన్ల మీద ఓ చూపు వేయాల్సిందే. చోటు బాగుంది, సరుకు కొత్తది, మాట తీరున్న మనిషి. బేరం నడిచింది.

తర్వాత చీరల వ్యాపారం కూడా పెట్టాడు. అదీ వాయిదాల మీద. మన వైపు మాటలో కంతుల మీద. చేతిలో మొత్తం డబ్బు లేకపోయినా చీర ముందే ఇంటికొచ్చేస్తుంది, డబ్బు నెలనెలా కట్టొచ్చు. నెల్లూరు వీధుల్లో చీరల మూట సైకిలుకి కట్టుకుని తిరిగే కంతుల వ్యాపారులు తెలియనివాళ్లు ఉండరు. ఈ వ్యాపారంలో ఒక సంగతి ఉంది. అమ్మినవాడికి కొన్నవాళ్ల ఇల్లు తెలుస్తుంది, ఆ ఇంటి ఇబ్బంది తెలుస్తుంది, బాకీ ఎంతో తెలుస్తుంది. నిజాయితీ ఉన్న వ్యాపారి చేతిలో అది నమ్మకం. లేనివాడి చేతిలో అదే పట్టు.

ఆళవందార్‌కి పెళ్లయింది, పిల్లలున్నారు. అయినా పరాయి ఆడవాళ్లతో సంబంధాలు పెట్టుకునే మనిషి అని పేరుపడ్డాడు. తర్వాత కోర్టులో ఎక్కువగా నలిగింది ఈ విషయమే.

పెన్ను కొనడానికి వచ్చిన అమ్మాయి

1951లో దేవకి అనే మలయాళీ యువతి ఆ షాపుకి వచ్చింది. చదువుకున్న అమ్మాయి. పరిచయం పెరిగింది. అది సంబంధం దాకా వెళ్లింది. అతడికి అప్పటికే ఇల్లు, సంసారం ఉన్నాయి. ఆ సంబంధం ఎక్కువ కాలం నిలవలేదు.

సీన్ కట్ చేస్తే, దేవకి పెళ్లి చేసుకుంది. భర్త పేరు ప్రభాకర మేనన్. ఇద్దరూ రాయపురం సిమెట్రీ రోడ్డులో కాపురం పెట్టారు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. పాత పరిచయం పాతదిగానే ఉండిపోవాలి. కానీ ఆళవందార్ ఆమెను వదల్లేదని, పెళ్లి తర్వాత కూడా వెంటపడ్డాడని నిందితుల తరఫు వాదన. పాత సంబంధం సంగతి భర్తకు కూడా తెలిసిపోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. వెంటపడ్డాడన్నది బతికున్నవాళ్లు చెప్పిన విషయం. అవును అనడానికో కాదు అనడానికో ఆళవందార్ లేడు. అలాగని అది అబద్ధమని తేల్చేయడానికీ లేదు. అప్పట్లో ఒక పెళ్లయిన స్త్రీ పాత ప్రియుడు వేధిస్తున్నాడని పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, ముందు వీధిన పడేది ఆమె పరువే. బెదిరింపు, బలవంతపు వసూళ్ల మీద భారత శిక్షాస్మృతిలో సెక్షన్లు అప్పటికే ఉన్నాయి. వాటిని వాడుకునే ధైర్యం ఎంతమంది ఆడవాళ్లకు ఉండేది?

ఆగస్టు 28: భర్త కోసం తిరిగిన భార్య

1952 ఆగస్టు 28న ఆళవందార్ షాపు నుంచి బయటికెళ్లాడు. రాత్రయినా ఇంటికి రాలేదు. ఈ కథలో మొదట కదిలింది పోలీసులు కాదు, అతడి భార్య. షాపులో వాకబు చేసింది. దేవకి ఇంటికి వెళ్లినట్టు అక్కడ తెలిసింది. ఆ ఇల్లు వెతుక్కుంటూ రాయపురం వెళ్లింది. ఆళవందార్ అక్కడికి రాలేదని ప్రభాకర మేనన్ చెప్పాడు. ఆమె వెనుదిరిగి పోలీసులకు ఫిర్యాదు చేసింది.

భర్త ఎక్కడ తిరుగుతాడో, ఎవరి ఇంటికి వెళ్తాడో నలుగురి నోటా వింటూ, అదే ఇంటి గుమ్మం దాకా వెళ్లి అతడి కోసం అడగాల్సి వచ్చిన ఆడమనిషి పరిస్థితి ఊహించుకోండి. ఆ తర్వాత పత్రికలు దేవకి గురించి రాశాయి, మేనన్ గురించి రాశాయి, ఆళవందార్ నడవడి గురించి రాశాయి. భార్య మాత్రం శవాన్ని గుర్తుపట్టిన సాక్షిగానే మిగిలిపోయింది.

సముద్రం దాచలేదు

మానామదురైలో దొరికింది మొండెం. మరి తల? అది కొద్ది రోజుల తర్వాత రాయపురం బీచ్‌లో బయటపడింది. ఒక చొక్కాలో చుట్టి ఉంది. ఇసుకలో పూడ్చినా, నీళ్లలో విసిరినా అలలు ఏదో ఒక రోజు ఒడ్డుకు తెచ్చి పడేస్తాయి. మైపాడులోనో, కోడూరులోనో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా ఇదే చెబుతారు. చంపినవాళ్లకు ఆ సంగతి తట్టలేదు.

బోట్ మెయిల్‌ని ఎంచుకోవడంలో లెక్క ఏంటంటే, అది ఆ కాలంలో ధనుష్కోటి దాకా వెళ్లేది. అక్కడి నుంచి ప్రయాణికులు ఓడ ఎక్కి సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, చేరేవాళ్లు. 1964 తుపానులో ధనుష్కోటి కొట్టుకుపోయే వరకు ఆ దారి నడిచింది. తల మద్రాసులో, మొండెం వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఉండరని అనుకుని ఉండొచ్చు. కానీ మద్రాసులో ఒక మనిషి కనిపించడం లేదన్న ఫిర్యాదు అప్పటికే పోలీసుల దగ్గర ఉంది. భార్య ఇచ్చిన ఆ ఫిర్యాదే రెండు చివర్లనూ కలిపింది.

ఇక గుర్తింపు సంగతి. మద్రాస్ మెడికల్ కాలేజీ నిపుణులు మొండెం, తల రెండూ పరీక్షించారు. రెండూ ఒకే మనిషివని తేల్చారు. చెవి కుట్లు, పళ్ల వరస చూసి భార్య గుర్తుపట్టింది. శవం వేలిముద్రలను సైన్యం రికార్డుల్లోని ఆళవందార్ వేలిముద్రలతో పోల్చారు. సరిపోయాయి. డీఎన్‌ఏ పరీక్ష అనే మాటే పుట్టని రోజులవి. చెవులు, పళ్లు, ఎముకలు, వేలిముద్రలు, వీటితోనే ఒక మనిషి పేరు నిలబెట్టారు. భారత ఫోరెన్సిక్ చరిత్రలో ఈ కేసుకు చోటు దక్కింది అందుకే.

ఈలోగా మేనన్ దంపతులు మద్రాసు వదిలి బొంబాయి వెళ్లిపోయారు. పోలీసులు అక్కడికి వెళ్లి ఇద్దరినీ అరెస్టు చేసి తీసుకొచ్చారు.

కోర్టు హాలు కిటకిట

1953 మార్చిలో మద్రాసు హైకోర్టులో విచారణ మొదలైంది. న్యాయమూర్తి ఏ.ఎస్.పంచాపకేశ అయ్యర్. ఐసీఎస్ అధికారి, ఇంగ్లిష్‌లో కథలు, నాటకాలు రాసిన రచయిత కూడా. ప్రాసిక్యూషన్ తరఫున గోవింద్ స్వామినాథన్ వాదించారు. ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్ కెప్టెన్ లక్ష్మికి సోదరుడు. అప్పటికి జ్యూరీ పద్ధతి ఉంది. మామూలు పౌరుల్లోంచి ఎంపికైన తొమ్మిదిమంది కూర్చుని వాదనలు విని, నేరం జరిగిందా లేదా చెప్పేవాళ్లు. శిక్ష ఎంతో జడ్జి చెప్పేవారు.

జనం కోర్టుకి తండోపతండాలుగా వచ్చారు. పత్రికలు రోజూ కాలమ్స్ కొద్దీ వార్తలు వేశాయి. ఇప్పుడు మా చానెళ్లు బ్రేకింగ్ ప్లేట్లు వేసినట్టే అప్పుడు పేపర్లు పతాక శీర్షికలు పెట్టాయి. పాత ప్రేమ, కొత్త పెళ్లి, తల లేని శవం. ఇంతకు మించి ఏం కావాలి?

ప్రాసిక్యూషన్ చెప్పింది ఒకటే. ఇది ముందుగా అనుకుని చేసిన హత్య. ఆళవందార్‌ని ఇంటికి రప్పించి, చంపి, తల నరికి, ఆనవాళ్లు మాయం చేశారు. డిఫెన్స్ వాదన వేరు. ఆళవందార్ దేవకి మీద చెయ్యి వేయబోతే ఆమె భర్త ఆవేశంలో కొట్టాడు, పథకం ఏమీ లేదు.

ఈ రెండు వాదనల మధ్య ఉన్నది ఉరితాడు. శిక్షాస్మృతి 302 కింద హత్య రుజువైతే మరణశిక్ష లేదంటే యావజ్జీవం, మూడో దారి లేదు. అదే తీవ్రమైన, హఠాత్తుగా కలిగిన రెచ్చగొట్టడం వల్ల జరిగిందని తేలితే అది హత్య కిందికి రాని నరహత్య అవుతుంది, శిక్ష బాగా తగ్గుతుంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ తేడా ఉంది. హత్యకు శిక్ష 103లో, హత్య కాని నరహత్యకు 105లో.

కాబట్టి అసలు ప్రశ్న ఎవరు చంపారన్నది కాదు. చనిపోయినవాడు ఎలాంటివాడు, అతడు వాళ్లను ఎంత రెచ్చగొట్టాడు అన్నదే. అలా రోజురోజుకీ ఆళవందార్ జీవితం కోర్టు బల్ల మీదికి వచ్చింది. ఎవరితో తిరిగాడు, ఎలా మాట్లాడేవాడు, ఏం అలవాట్లు, అన్నీ. బోనులో లేని మనిషి మీదే విచారణ జరిగింది.

తీర్పు: ఏడేళ్లు, మూడేళ్లు

1953 ఆగస్టులో తీర్పు వచ్చింది. హత్య జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. ప్రభాకర మేనన్‌కి ఏడేళ్లు, దేవకికి మూడేళ్లు జైలు. ఉరి పడుతుందని ఎదురుచూసినవాళ్లు నోరు తెరిచారు. నిందితుల మీద న్యాయమూర్తికి సానుభూతి ఉందన్న సంగతి శిక్షలోనే కనిపించిందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ రాస్తున్నారు. సత్ప్రవర్తన కింద ఇద్దరూ గడువు కన్నా ముందే విడుదలయ్యారు. తర్వాత మద్రాసుకు దూరంగా, పేరు లేని మామూలు జీవితంలోకి వెళ్లిపోయారు.

ఈ తీర్పు సరైనదేనా? దీన్ని రెండు వైపుల నుంచీ చూడొచ్చు. ఒక స్త్రీని వేధించినవాడు ఆమె ఇంట్లోనే ఆమె మీదికి వస్తే, భర్త చేయి ఆగకపోవడాన్ని చట్టం కూడా అర్థం చేసుకుంటుంది. కానీ ఆవేశం ఎంతసేపు ఉంటుంది? తల వేరు చేయడం, పెట్టెలో సర్దడం, రైలెక్కించడం, ఇంటికొచ్చిన భార్యకు అతడు రాలేదని చెప్పి పంపించడం, ఇవన్నీ ఆవేశంలో జరిగే పనులేనా? మంచివాడు కాదన్నంత మాత్రాన మనిషి ప్రాణం ఖరీదు తగ్గుతుందా?

ముందొకటి, తర్వాతొకటి

ట్రంకు పెట్టె కేసు తెలుగునేలకు అప్పటికే కొత్త కాదు. 1937 మార్చి 23న పూరీ స్టేషన్‌లో మూడో తరగతి పెట్టెలో ఇలాగే ఒక స్టీలు ట్రంకు దొరికింది. లోపల ఏడు ముక్కలుగా నరికిన శవం. చనిపోయినవాడు పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా పనిచేసిన వ్యక్తి. బరంపురంలో ఉన్న పాకాల నారాయణస్వామికి ఉరిశిక్ష పడింది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1939లో అక్కడ శిక్ష రద్దయింది. పోలీసులకు నిందితుడు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదన్న ఆ తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

ఇక తర్వాతిది నానావతి కేసు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. అక్కడా ఇదే ప్రశ్న, హఠాత్ ఆవేశమా, పథకమా? జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి దానికి ఒప్పుకోకుండా హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది, 1964లో క్షమాభిక్ష వచ్చింది. పత్రికల గోల జ్యూరీని ఎలా ఊపేస్తుందో ఆ కేసు చూపించింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేదు.

ఇప్పుడైతే?

వెంటపడటం ఇప్పుడు చట్ట ప్రకారం నేరం. 2013లో స్టాకింగ్‌ని ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 78 కింద ఉంది. ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో వెంటపడినా అదే సెక్షన్. పాత ఫొటోలు, పాత మెసేజ్‌లు చూపించి బెదిరిస్తే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పొచ్చు. మహిళలకు 181, అత్యవసరానికి 112 ఉన్నాయి. 1952లో సిమెట్రీ రోడ్డు ఇంట్లో ఉన్న దేవకికి వీటిలో ఒక్కటీ లేదు. ఉండి ఉంటే, వాడుకుని ఉంటే, బహుశా నాలుగు జీవితాలు ఇంకోలా నడిచేవి.

అవును, నాలుగు. దేవకి, ప్రభాకర మేనన్, ఆళవందార్. నాలుగో మనిషి అతడి భార్య. చైనా బజార్ నుంచి రాయపురం దాకా భర్త ఏడని అడుగుతూ తిరిగిన మనిషి. ఆళవందార్ ఎలాంటివాడన్న మీద కోర్టులో నెలల తరబడి వాదన జరిగింది. మంచివాడైనా చెడ్డవాడైనా అతడు ఇంటికి రాలేదని ఆమె వెతుక్కుంటూ బయల్దేరింది. ఆమె వెతక్కపోతే, మానామదురైలో దొరికిన ఆ శవానికి పేరు దొరకడం కష్టమయ్యేది.